కూలుంబ్, న్యూటన్ సూత్రాలు కవలల్లా కనిపిస్తే బంధుత్వం ఉన్నట్టేనా?

మీరు అడిగినవి నిజానికి రెండు ప్రశ్నలు. గురుత్వాకర్షణకూ మిగిలిన మూడు ప్రాథమిక బలాలకూ, అంటే విద్యుదయస్కాంత బలం, ప్రబల కేంద్రక బలం, దుర్బల కేంద్రక బలాలకూ సిద్ధాంతపరంగా ఏదైనా లంకె ఉందా అన్నది మొదటిది. ద్రవ్యరాశుల మధ్య ఆకర్షణను చెప్పే న్యూటన్ సూత్రం, విద్యుదావేశాల మధ్య బలాన్ని చెప్పే కూలుంబ్ సూత్రం అచ్చం ఒకేలా ఉన్నాయి (రెండింటిలోనూ బలం దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది) కాబట్టి గురుత్వం కూడా ఒక రకం విద్యుత్ బలమేనని అనుకోవచ్చా అన్నది రెండోది. నేను రెండో దానితో మొదలుపెడతాను. ఎందుకంటే పంతొమ్మిదో ఏట సరిగ్గా ఈ ఊహతోనే నేనొక లావుపాటి నోటుపుస్తకం నింపాను.

నా ఊహ ఇది. ప్రతి వస్తువులోనూ ధనావేశాలు, రుణావేశాలు సరిసమానంగా ఉంటాయి. వాటి మధ్య ఆకర్షణలు, వికర్షణలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అయితే ఆకర్షణ వికర్షణ కంటే రవ్వంత, కొలతకు అందనంత ఎక్కువగా ఉంటే? కొట్టివేతలు పోగా మిగిలిన ఆ చిల్లరే గురుత్వాకర్షణ! రెండు ప్రోటాన్ల మధ్య విద్యుత్ వికర్షణ వాటి మధ్య గురుత్వాకర్షణ కంటే సుమారు 1 పక్కన 36 సున్నాలు పెట్టినన్ని రెట్లు పెద్దది. కాబట్టి చిల్లర ఎంత చిన్నదైనా సరిపోతుంది. గ్రహ కక్ష్యలన్నీ లెక్కగట్టాను. అన్నీ సరిపోయాయి. సరిపోక ఏం చేస్తాయి, న్యూటన్ సూత్రానికే వేషం మార్చి రాసుకున్నప్పుడు!

పుస్తకాన్ని మా ఆచార్యుడికి ఇచ్చాను. వారం తర్వాత తిరిగి ఇచ్చారు. లోపల ఎక్కడా ఒక్క గీత లేదు. చివరి పేజీలో మాత్రం ఎర్ర సిరాతో ఒక ప్రశ్న ఉంది: "రెండు డ్యుటీరియం (భార హైడ్రోజన్) పరమాణువుల్లో ఎన్ని ప్రోటాన్లు, న్యూట్రాన్లు, ఎలక్ట్రాన్లు ఉన్నాయో ఒక హీలియం పరమాణువులోనూ అన్నే ఉన్నాయి. ద్రవ్యరాశి మాత్రం 0.6 శాతం తక్కువ. నీ చిల్లర ఈ తేడాను ఎలా కనిపెడుతుంది?"

కనిపెట్టలేదు. నా చిల్లర ఆవేశాలను లెక్కపెడుతుంది. గురుత్వం ద్రవ్యరాశిని లెక్కపెడుతుంది. కణాలు అవే అయినా, అవి ఎంత గట్టిగా ముడిపడి ఉన్నాయన్న దాన్ని బట్టి ద్రవ్యరాశి మారుతుంది. మూడు రోజులు ఆ ప్రశ్నను తప్పించుకునే దారులు వెతికి, నాలుగో రోజు ఒప్పుకున్నాను. పుండు మీద కారంలా ఇంకో సంగతి కొన్నాళ్లకు తెలిసింది. ఆ ఊహ నాది కూడా కాదు. 1836లోనే మొస్సొట్టి అనే ఇటలీ శాస్త్రవేత్త దాన్ని ప్రతిపాదించాడు, 1900లో లోరెంట్జ్ అంతటివాడు మళ్లీ పైకి తీశాడు.

మరి సూత్రాలు ఒకేలా ఎందుకున్నాయి? దీని వెనుక ఉన్నది చాలావరకు రేఖాగణితమే. ఒక బిందువు నుంచి అన్ని వైపులకూ సమంగా ఏది వ్యాపించినా, దూరం రెట్టింపు అయ్యేసరికి అది నాలుగు రెట్లు పెద్ద గోళం మీద పరుచుకోవాలి. దీపపు వెలుగుకూ ఇదే లెక్క. మన స్థలానికి మూడు దిశలు ఉండటం, ఆ బలాన్ని మోసే కణానికి ద్రవ్యరాశి లేకపోవడం, ఈ రెండూ ఉంటే విలోమ వర్గ నియమం సాధారణంగా దానంతట అదే వస్తుంది. విద్యుదయస్కాంత బలాన్ని మోసే ఫోటానుకు ద్రవ్యరాశి లేదు, గురుత్వాన్ని మోసే గ్రావిటాన్ అనేది ఉంటే దానికీ లేదు. దుర్బల బలాన్ని మోసే కణాలు మాత్రం ప్రోటాన్ కంటే సుమారు 86 నుంచి 97 రెట్లు బరువైనవి, అందుకే ఆ బలం కేంద్రకం దాటి బయటకు రాదు. కాబట్టి పోలిక ఒక్కటే చూసి చుట్టరికం కలపకూడదు.

ఈ పొరపాటులో నాకు మంచి తోడే దొరికింది. ఫారడే 1849లో లోహపు ముక్కలను, తీగ చుట్టలను కింద పడేసి వాటిలో విద్యుత్ పుడుతుందేమోనని చూశాడు. ఏమీ పుట్టలేదు. పదేళ్ల తర్వాత లండన్‌లోని ఒక ఎత్తైన గోపురంలో సీసపు దిమ్మలను పైకీ కిందికీ తిప్పి మళ్లీ ప్రయత్నించాడు, మళ్లీ శూన్యం. లంకె ఉందన్న నమ్మకం మాత్రం వదులుకోలేదు. మాక్స్‌వెల్ 1865లో తన విద్యుదయస్కాంత సమీకరణాల వ్యాసంలోనే గురుత్వాన్ని కూడా అదే మూసలో పోయాలని చూసి ఒకచోట ఆగిపోయాడు. విద్యుత్‌లో సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి. గురుత్వంలో సజాతులే ఆకర్షించుకుంటాయి. ఆ ఒక్క ప్లస్-మైనస్ గుర్తు మారిస్తే క్షేత్రపు శక్తి రుణాత్మకం అవుతుంది. అలాంటి మాధ్యమాన్ని ఊహించలేనని రాసి ఆ దారి వదిలేశాడు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు వద్దాం. "లంకె" అన్న మాటను అందరూ "ఏకీకరణ" అన్న అర్థంలోనే వాడుతున్నారు. నాలుగు బలాలూ ఒకే బలానికి నాలుగు ముఖాలు అని రుజువైతేనే లంకె ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. నాకు ఈ ధోరణి నచ్చదు. లంకెలు ఇప్పటికే ఉన్నాయి, కొన్ని ప్రయోగాల్లో తేలినవి కూడా.

ఎర్ర సిరా ప్రశ్నలోనే మొదటిది దాగి ఉంది. ప్రోటాన్‌ను తీసుకోండి. అందులో ఉండే ఇంకా చిన్న కణాలైన క్వార్కుల సొంత ద్రవ్యరాశులు కూడితే ప్రోటాన్ బరువులో దాదాపు 1 శాతమే వస్తుంది. మిగిలినదంతా క్వార్కుల కదలిక శక్తి, వాటిని బంధించే గ్లూవాన్ (ప్రబల బలాన్ని మోసే కణం) క్షేత్రపు శక్తి. అంటే మన ఒంటి బరువులో అధిక భాగం నిజానికి ప్రబల బలం తాలూకు శక్తి! తక్కెడలో నిలబడినప్పుడు గురుత్వం తూచేది దాన్నే. పైగా మూలకం మారితే ఈ శక్తుల పాళ్లు మారతాయి. ప్లాటినం కేంద్రకంలో విద్యుత్ వికర్షణ శక్తి వాటా టైటానియంలో కంటే ఎక్కువ. గురుత్వం ఏ ఒక్క బలం శక్తి పట్ల పక్షపాతం చూపినా ఈ రెండు లోహాలు వేర్వేరు త్వరణాలతో పడాలి. మైక్రోస్కోప్ అనే ఫ్రెంచి ఉపగ్రహం కక్ష్యలో వీటిని పక్కపక్కనే ఏళ్ల తరబడి పడనిచ్చింది (కక్ష్యలో తిరగడమంటే పడుతూనే ఉండటం కదా). 2022లో వచ్చిన తుది ఫలితం ప్రకారం సుమారు వెయ్యి లక్షల కోట్లలో ఒక వంతు దాకా తేడా లేదు. మిగతా బలాలు తమ తమ ఆవేశాలున్న వాటినే పట్టించుకుంటాయి. గురుత్వం ఆ బలాలనే పట్టించుకుంటుంది.

ఇలా ఎందుకు ఉండాలి? 1964లో వైన్‌బర్గ్ అనే భౌతికశాస్త్రవేత్త దీనికి చక్కని జవాబు ఇచ్చాడు. బలాన్ని మోసే కణానికి స్పిన్ అనే గుణం ఉంటుంది. ఫోటాన్‌ది 1. స్పిన్ 1 ఉన్న వాహకం సజాతులను వికర్షిస్తుంది, స్పిన్ 2 ఉన్నది ఆకర్షిస్తుంది. మాక్స్‌వెల్‌ను ఆపిన గుర్తు చిక్కు ఇక్కడ విడిపోతుంది. వైన్‌బర్గ్ చూపినది ఇంకా లోతైనది. ద్రవ్యరాశి లేని స్పిన్ 2 కణం ఒకటి ఉందని, అది క్వాంటం నియమాలనూ ప్రత్యేక సాపేక్షతనూ పాటిస్తుందని అనుకుంటే చాలు, అది అన్ని రకాల శక్తితోనూ ఒకే బలంతో ముడిపడక తప్పదు. ఐన్‌స్టీన్ మొదటి మెట్టుగా పెట్టుకున్న తుల్యతా సూత్రం, అంటే గురుత్వంలో అన్ని వస్తువులూ ఒకేలా పడతాయన్నది, ఇక్కడ చివరి మెట్టుగా బయటపడుతుంది. ఈ నిరూపణను మొదటిసారి చదివిన రోజు నేను నోటుపుస్తకాన్ని క్షమించాను.

ఇలాంటి ప్రశ్నలకు తరచూ వచ్చే జవాబు ఒకటుంది: "గురుత్వం బలమే కాదు, దేశకాల వక్రత. కాబట్టి ప్రశ్నే తప్పు." ఇది సగం జవాబు. మిగిలిన సగం ఏమిటంటే, మిగతా మూడు బలాలూ వక్రతలే. హెర్మన్ వైల్ 1918లో గురుత్వాన్నీ విద్యుదయస్కాంతాన్నీ కలపడానికి ఒక ఊహ చేశాడు. చోటు మారితే కొలబద్ద పొడవు మారవచ్చని, ఆ మార్పే విద్యుదయస్కాంతమని అన్నాడు. అలాగైతే పరమాణువుల వర్ణపట రేఖలు వాటి గత ప్రయాణాన్ని బట్టి మారిపోవాలని ఐన్‌స్టీన్ అభ్యంతరం చెప్పాడు. ఊహ కూలింది. 1929లో వైల్ దాన్నే బాగుచేశాడు. మారేది కొలబద్ద పొడవు కాదు, ఎలక్ట్రాన్ తరంగపు దశ అన్నాడు. ఇప్పుడు మనం గేజ్ సిద్ధాంతం అంటున్నది ఇదే. 1954లో యాంగ్, మిల్స్ దాన్ని విస్తరించారు, కేంద్రక బలాలు రెండూ చివరికి ఆ చట్రంలోనే ఇమిడాయి. ఈ లెక్కన విద్యుత్ క్షేత్రం కూడా ఒక వక్రతే, కాకపోతే దేశకాలానిది కాదు, ప్రతి బిందువు దగ్గరా ఉన్న ఒక అంతర్గత స్థలానిది. చిన్న చుట్టు తిరిగి బయలుదేరిన చోటికే వస్తే గురుత్వంలో బాణం దిశ మారుతుంది, విద్యుదయస్కాంతంలో తరంగపు దశ మారుతుంది. ఉటియామా 1956లో, కిబుల్ 1961లో గురుత్వాన్నే గేజ్ సిద్ధాంతంగా రాసి చూపించారు. గురుత్వం కోసం పుట్టి, గురుత్వం దగ్గర ఓడి, మిగతా మూడు బలాలనూ గెలిచిన ఊహ ఇది. భౌతికశాస్త్ర చరిత్రలో దీన్ని మించిన మలుపు నాకు కనిపించలేదు.

అయిదో దిశ సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. కలూజా అనే గణితవేత్త 1919లో ఐన్‌స్టీన్‌కు ఒక ఉత్తరం రాశాడు. సాపేక్షతలో దేశకాలాన్ని వర్ణించడానికి ప్రతి బిందువు దగ్గరా 10 సంఖ్యలు కావాలి. ఇంకో దిశ కలిపితే 15 అవుతాయి. అదనంగా వచ్చిన అయిదులో నాలుగు సరిగ్గా మాక్స్‌వెల్ క్షేత్రంలా ప్రవర్తిస్తాయి! ఐన్‌స్టీన్ రెండేళ్లు ఊగిసలాడి 1921లో అచ్చుకు పంపాడు. ఆ దిశ కంటికి కనబడదేమని అడిగితే, 1926లో క్లైన్ అది ఊహకందనంత చిన్న వలయంగా చుట్టుకుపోయి ఉందన్నాడు. ఆ వలయం చుట్టూ ఉండే ద్రవ్యవేగమే మనకు విద్యుదావేశంగా కనబడుతుంది. చుట్టూ తిరిగే తరంగం పూర్ణ సంఖ్యల్లోనే ఇమడాలి కాబట్టి ఆవేశం కూడా పూర్ణ సంఖ్యల్లోనే వస్తుంది. ఇంత అందమైన సిద్ధాంతం ఎక్కడ తప్పింది? ఎలక్ట్రాన్ బరువు దగ్గర. ఆవేశం ఉన్న ప్రతి కణమూ ఇందులో ప్లాంక్ ద్రవ్యరాశి స్థాయిలో ఉండాలి. అది సుమారు 22 మైక్రోగ్రాములు, సన్నని ఇసుక రేణువంత. ఎలక్ట్రాన్ ఎక్కడ, ఇసుక రేణువు ఎక్కడ! అయినా ఆ దిశల ఆలోచన చావలేదు. అవి మిల్లీమీటరు దాకా కూడా పెద్దవి కావచ్చని, అందుకే గురుత్వం వాటిలోకి కారిపోయి బలహీనంగా కనబడుతుందని 1998లో ముగ్గురు శాస్త్రవేత్తలు వాదించారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మెలితీగ తక్కెడలతో 2020 నాటికి 52 మైక్రోమీటర్ల దూరం వరకు కొలిచారు. విలోమ వర్గ నియమం అక్కడ కూడా చెక్కు చెదరలేదు.

మహా ఏకీకరణ గురించి క్లుప్తంగానే చెబుతాను, దాని మీద చదవడానికి అందరికీ బోలెడు దొరుకుతుంది. విద్యుదయస్కాంత, దుర్బల బలాలు ఒకటేనన్నది స్థిరపడిన విషయం. గ్లాషో, సలామ్, వైన్‌బర్గ్‌లకు 1979లో నోబెల్ వచ్చింది, వారు చెప్పిన బరువైన కణాలు 1983లో సెర్న్ అనే ఐరోపా కణ భౌతిక ప్రయోగశాలలో దొరికాయి. శక్తి పెంచుతూ పోతే ప్రబల బలం కూడా వీటికి దగ్గరవుతుంది. 1974లో జార్జై, గ్లాషో మూడింటినీ కలిపారు, ప్రోటాన్ ఎప్పటికైనా క్షయిస్తుందన్నారు. జపాన్‌లో భూగర్భపు నీటి తొట్టె చుట్టూ కాపలా కాసినా ఇంతవరకు ఒక్క ప్రోటాన్ కూడా క్షయించిన దాఖలా లేదు. గురుత్వం ఈ పందెంలో ఆలస్యంగా వస్తుంది కానీ వేగంగా వస్తుంది. దాని బలం శక్తి వర్గానికి అనుపాతంగా పెరుగుతుంది. సెర్న్ యంత్రం చేరుకున్న శక్తికి సుమారు వెయ్యి లక్షల కోట్ల రెట్ల దగ్గర అది మిగతా వాటితో సమానం అవుతుంది. కణాలను చిన్న తంత్రుల కంపనాలుగా చూసే తంత్రుల సిద్ధాంతంలోని గొప్పతనం గురుత్వాన్ని బయటి నుంచి తెచ్చి అతికించనక్కర్లేకపోవడం. 1974లో షెర్క్, ష్వార్జ్, వారితో సంబంధం లేకుండా యోనేయా గమనించినది అదే. ప్రబల బలం కోసం కట్టిన ఆ సిద్ధాంతంలో పిలవని పేరంటంలా ఒక స్పిన్ 2 కణం వచ్చి కూర్చుంది. ప్రయోగంలో మాత్రం దానికి ఇప్పటిదాకా ఆధారం దొరకలేదు. దాని మీద నాకు గౌరవం ఉంది, నమ్మకం లేదు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన లంకె. చదువు అయ్యాక నేను భౌతికశాస్త్రం వదిలి కంప్యూటర్ల వైపు వెళ్లిపోయాను. చాలా ఏళ్ల తర్వాత సాయంత్రాల్లో మళ్లీ లెక్కలు మొదలుపెట్టాను. రెండు గ్రావిటాన్లు ఢీకొని చెదిరితే ఏమవుతుందో చేత్తో లెక్కగట్టాలని సరదా పడ్డాను. ఎంత అమాయకత్వం! మూడు గ్రావిటాన్లు కలిసే ఒక్క ముడికే 171 బీజగణిత పదాలు ఉంటాయి, నాలుగు కలిసే ముడికి 2850. ఈ లెక్కలు డివిట్ 1967లోనే వేసి పెట్టాడు. నెల రోజుల తర్వాత నా కాగితాల్లో ఎక్కడో ఒక గుర్తు తప్పింది, అది ఎక్కడో ఈనాటికీ తెలియదు.

తర్వాత 1986 నాటి కవాయ్, లెవెలెన్, టై సూత్రం చూశాను. గ్లూవాన్లు చెదిరే లెక్క చాలా చిన్నది, ఒక పూటలో అయిపోతుంది. ఆ జవాబులు రెండింటిని గుణించి, శక్తిని సూచించే ఒక రాశితో మళ్లీ గుణిస్తే గ్రావిటాన్ల జవాబు వచ్చేస్తుంది. ఒకే వరుసలో! 2008లో బెర్న్, కరాస్కో, యోహాన్సన్ దీనికి ఇంకా స్పష్టమైన రూపం ఇచ్చారు. గ్లూవాన్ల సూత్రంలో ప్రతి పదానికీ రెండు భాగాలు ఉంటాయి, ఒకటి "రంగు" అనే ఆవేశానిది (కంటికి కనబడే రంగుతో దీనికి ఏ సంబంధమూ లేదు), రెండోది కదలికది. రంగు భాగాలు ఏ బీజగణిత నియమాన్ని పాటిస్తాయో కదలిక భాగాలను కూడా అదే నియమం పాటించేలా రాయవచ్చు. అప్పుడు రంగును తీసేసి దాని చోట కదలికనే రెండోసారి పెడితే గురుత్వం వస్తుంది. ఒకటీ ఒకటీ కలిస్తే రెండు అన్నట్టు, స్పిన్ 1 జంటగా మారి స్పిన్ 2 అయింది. ఈ గుణకారంలో గురుత్వంతో పాటు మరో రెండు క్షేత్రాలు కూడా తోకల్లా వస్తాయి, వాటిని జాగ్రత్తగా కత్తిరించాలి. ఇది కేవలం గారడీ కాదు. ఢీకొనే కృష్ణబిలాల మధ్య బలాన్ని మునుపెన్నడూ లేనంత సూక్ష్మంగా 2019లో లెక్కగట్టింది ఈ పద్ధతితోనే.

అసలు విషయం ఇంకా చెప్పలేదు. 2014లో మోంటీరో, ఓకానెల్, వైట్ అనే ముగ్గురు ఇదే జంట పద్ధతిని కణాల తాకిడికి కాకుండా మొత్తం క్షేత్రాలకే వర్తింపజేశారు. నిశ్చలంగా ఉన్న ఒక బిందు ఆవేశపు క్షేత్రాన్ని, అంటే మన కూలుంబ్ క్షేత్రాన్ని తీసుకున్నారు. దానికి జంట కట్టారు. వచ్చింది ష్వార్జ్‌షిల్డ్ కృష్ణబిలం, అంటే తిరగని, ఆవేశం లేని కృష్ణబిలం! పంతొమ్మిదేళ్ల వయసులో నేను కూలుంబ్ సూత్రం నుంచి న్యూటన్ సూత్రాన్ని తీసివేతతో రాబట్టాలని చూశాను. రాబట్టాల్సింది గుణకారంతో. ఆ వ్యాసం చదివాక నోటుపుస్తకం వెతికి తీసి, ఎర్ర సిరా కింద నీలి సిరాతో ఆ సంవత్సరం రాసుకున్నాను.

చివరగా, మీరు అడగకపోయినా అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది: గురుత్వం కూడా మిగతా బలాల్లా క్వాంటం స్వభావం కలదేనా? "క్వాంటం సిద్ధాంతానికీ గురుత్వానికీ పడదు" అనే మాటను నేను ఒప్పుకోను. తక్కువ శక్తుల దగ్గర రెండూ హాయిగా కలిసి పనిచేస్తాయి. న్యూటన్ సూత్రానికి క్వాంటం సవరణను రాబట్టే దారి 1994లోనే డొనహ్యూ చూపించాడు, ఆ సవరణ కొలవలేనంత చిన్నది, అంతే. చిక్కంతా ప్లాంక్ శక్తి దగ్గరే, అంటే గురుత్వం మిగతా బలాలతో సమానమయ్యే ఆ మహా శక్తి దగ్గరే. అయితే ప్రయోగానికి అంత శక్తి అవసరం లేకపోవచ్చని 2017లో బోస్ బృందమూ, మార్లెట్టో, వెద్రాల్ ద్వయమూ విడివిడిగా సూచించారు. రెండు సూక్ష్మ గోళాలను, ఒక్కొక్కటి ఒకేసారి రెండు చోట్ల ఉన్న స్థితిలో, పక్కపక్కన ఉంచాలి. వాటి మధ్య గురుత్వం తప్ప ఇంకే బలమూ లేకుండా చూడాలి. అవి చిక్కుబడిన స్థితిలోకి, అంటే ఒకదాని స్థితిని రెండోదాని నుంచి విడదీసి చెప్పలేని క్వాంటం స్థితిలోకి వెళితే గురుత్వం క్వాంటం స్వభావం గలదని వారి వాదన. అందుకు బోస్ బృందం సూచించిన గోళం బరువు గ్రాములో సుమారు పదివేల కోట్ల వంతు. గురుత్వాన్ని కొలవగలిగిన అతి చిన్న మూలవస్తువుల్లో ఒకటి 2021లో వియన్నాలో వాడిన 90 మిల్లీగ్రాముల బంగారు గుండు. ఈ రెండు కొసలూ కలవాలంటే చాలా దూరం ఉంది.

ఈలోగా మీరు చేత్తో చేయదగిన పని ఒకటి చెబుతాను. నాలుగు గ్లూవాన్లు చెదిరే లెక్క పూర్తి చేసి, కదలిక భాగాలు మూడింటి మొత్తం సున్నా అవుతుందో లేదో చూడండి. ఎక్కడైనా గుర్తు తప్పితే ఈ జవాబు కిందే రాయండి. ఆ రకం తప్పులన్నీ నేను ఇప్పటికే చేసి ఉన్నాను.